అమెరికాలో అమ్మాయిని చెల్లెలి దగ్గర వదిలి ఇండియా వెళ్లొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మార్చి నెలాఖరున మా వారి ఉద్యోగం పోయింది. హెచ్-1బి వర్క్ వీసా. కొత్తది దొరికే సూచనలు కనబడటం లేదు, హైదరాబాద్ వెళ్లిపోదామనుకుంటున్నాం. బాబు ఇక్కడే పుట్టాడు, తొమ్మిదేళ్లు. అమ్మాయి పదకొండో తరగతి, నాలుగేళ్లప్పుడు వచ్చింది, హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉంది. పన్నెండోది ఇక్కడే పూర్తిచేసి కాలేజీలో చేరతానని ఏడుస్తోంది. ఇదే ఊళ్లో ఉన్న మా చెల్లెలు "నా దగ్గర వదిలి వెళ్లక్కా" అంటోంది. వాళ్లకి ఇద్దరు చిన్నపిల్లలు. ఉంచొచ్చా? మేం లేకుండా తట్టుకుంటుందా?

జవాబు:

ముందు చట్టం సంగతి. అది కుదరకపోతే మిగతాదంతా వృథా మాట. హెచ్-4 మీ వారి హెచ్-1బి వెనకాలే నడుస్తుంది. ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండటానికి ఆయనకు ఉన్న 60 రోజుల గడువే అమ్మాయికీ. మీ చెల్లెలికి సిటిజన్‌షిప్ ఉన్నా, ఆమెను గార్డియన్‌గా రాసిచ్చినా, ఆ ఇంటికి ఏటా వేలకు వేలు ప్రాపర్టీ టాక్స్ కడుతున్నా అమ్మాయి స్టేటస్ మారదు. "మేం టాక్స్ కడుతున్నాం కదా, స్కూల్లో ఎందుకు చేర్చుకోరు?" అని నాతో వాదించినవాళ్లు చాలామంది ఉన్నారు. స్కూలు చేర్చుకోవచ్చు, ఇమిగ్రేషన్ లెక్క వేరు. విజిటర్ వీసా మీద స్కూలుకు పంపడం అసలే కూడదు. మిగిలింది ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా.

ఎఫ్-1 మీద ప్రభుత్వ హైస్కూల్లో మొత్తం కలిపి 12 నెలలే చదవనిస్తారు. 1996లో వచ్చిన చట్టం ఇది. పైగా ఆ ఏడాది చదువుకయ్యే పూర్తి ఖర్చు, రాయితీ ఏమీ లేకుండా, వీసాకు వెళ్లేముందే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు (మీ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థకు) కట్టాలి. పది వేల డాలర్లు దాటడం మామూలే. హెచ్-4 మీద చదివిన ఏళ్లు ఈ 12 నెలల్లోకి రావు కాబట్టి మీ అమ్మాయికి పన్నెండో తరగతి సరిగ్గా సరిపోతుంది. అయితే ఐ-20 (ఎఫ్-1 వీసాకు స్కూలు ఇచ్చే పత్రం) ఇచ్చే అనుమతి అన్ని డిస్ట్రిక్టులకూ ఉండదు. ప్రైవేటు స్కూలుకు ఈ 12 నెలల పరిమితి లేదు, ఫీజు మాత్రం మోత మోగిపోతుంది. ప్రభుత్వ స్కూళ్లలో పెద్ద తరగతులకు ఉన్న ఈ వెసులుబాటు ఎనిమిదో తరగతి దాకా అసలు లేదు. రేపు ఎవరైనా చుట్టాలు "మావాణ్ణి కూడా ఆరో క్లాసుకి పంపిస్తాం" అంటే ముందే వద్దనండి.

విచిత్రం చూడండి, అమెరికా పౌరుడైన తమ్ముడు ఇండియా వెళ్తున్నాడు, కాని అక్క ఇక్కడ ఉండిపోతోంది. మా స్కూల్లో ఇలాంటి ఇళ్లు కొత్తేమీ కాదు.

నేను టెక్సస్‌లో ఒక హైస్కూల్లో కౌన్సెలర్‌ని. అంతకంటే ముందు నేనూ మీ అమ్మాయి లాంటి పిల్లనే. 2001లో డాట్‌కామ్ కంపెనీలు వరసగా కూలినప్పుడు మా నాన్న ఉద్యోగం పోయింది. ఈ 60 రోజుల గడువు అప్పట్లో లేదు, అది 2017లో వచ్చింది. అమ్మా నాన్నా తమ్ముడూ విశాఖపట్నం వెళ్లిపోయారు, నేను న్యూజెర్సీలో మేనత్త ఇంట్లో ఉండి పన్నెండో తరగతి చదివాను. 1980, 90లలో తైవాన్ నుంచి వచ్చిన కుటుంబాలు పిల్లల్ని దక్షిణ కాలిఫోర్నియాలో ఇల్లు కొనిచ్చి వదిలి వెళ్లేవి. వాళ్లని పారాచూట్ కిడ్స్ అనేవారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో అడిగే పెద్దవాళ్లు ఉండేవారు కాదు, అదే వాళ్ల సమస్య. మన పిల్లలకు ఇంటినిండా పెద్దవాళ్లే. ఇబ్బంది అక్కడినుంచే మొదలవుతుంది.

మీరు "తట్టుకుంటుందా" అని అడిగారు. తట్టుకుంటుంది. ఏడ్చి, బెంగపెట్టుకుని, రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. మీరు ఆ ఏడుపు గురించి టెన్షన్ పడుతున్నారు. నాకు భయం ఏడుపు ఆగిన తర్వాత సంగతి. బంధువుల ఇంట్లో ఉండే పిల్ల చాలా మంచిపిల్లగా మారిపోతుంది. ఫ్రిజ్ తీసేముందు అడుగుతుంది. రెండోసారి కూర వేసుకోదు. చలేస్తున్నా ఏసీ తగ్గించమనదు, ఇంకో దుప్పటి ఎక్కడుందో అడగదు. పిన్ని అలసిపోయి వచ్చిందని గిన్నెలు కడిగేస్తుంది. అందరూ "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. మీకూ ఫోన్లో అదే చెబుతారు, మీరూ సంతోషిస్తారు. ఆ పిల్ల మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎవరికీ భారం కాకుండా ఉండటమనే ఉద్యోగం చేస్తూ ఉంటుంది. సొంతింట్లో తలుపు ధడాల్న వేసుకుని "నన్ను వదిలేయండి" అని అరిచే వయసు అది. అక్కడ అరవడానికి తలుపు తనది కాదు.

ఒక పిల్లాడు నా గదికి షెడ్యూలు మార్పించుకోవడానికి వచ్చాడు. కళ్లద్దాల కాడ విరిగిపోయి, తెల్లటి మెడికల్ టేపు చుట్టి ఉంది. టేపు అంచులు నల్లబడి ఉన్నాయి, అంటే నిన్న మొన్న చుట్టింది కాదు. పెద్దనాన్న ఇంట్లో ఉంటున్నాడు. కొత్తవి కావాలని అడగలేదా అంటే, "వాళ్లు ఇప్పటికే నాకు చాలా చేస్తున్నారు, మామ్‌కి చెబితే పెద్దమ్మకి ఫోన్ చేస్తుంది, పెద్దమ్మ ఫీలవుతుంది" అన్నాడు. ఆ పెద్దమ్మ బంగారం లాంటి మనిషి, చెప్పిన సాయంత్రమే తీసుకెళ్లింది. ఆ ఇంట్లో ఎవరిదీ తప్పు లేదు. కళ్లద్దాలకు ఎవరిని అడగాలి, డబ్బు ఎవరిది అన్నది ముందు అనుకోకపోవడం వల్ల వచ్చిన తిప్పలు.

అందుకే డబ్బు సంగతి మొహమాటం లేకుండా తేల్చుకోండి. "మన మధ్య డబ్బులేంటక్కా" అని మీ చెల్లెలు అంటుంది, అనాలి కూడా. మీరు మాత్రం నెలకింత అని తిండికీ, కరెంటుకీ, కారు ఇన్సూరెన్సుకీ పంపండి, అది అమ్మాయికి తెలిసేలా పంపండి. తన తిండి ఖర్చు తన అమ్మానాన్నలే పెడుతున్నారని తెలిసిన పిల్ల ఫ్రిజ్ ముందు నిలబడే తీరే వేరు. అది కాక తన పేరు మీద, మీ పేరుతో కలిపి, మీరు ఇక్కడ ఉండగానే ఒక టీన్ ఖాతా తెరిచి కార్డు చేతికివ్వండి. ప్యాడ్స్, షాంపూ, స్నేహితురాలి పుట్టినరోజు కానుక, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల ఫీజు లాంటివాటికి ఎవరినీ అడిగే పని ఉండకూడదు. నేను మేనత్త ఇంట్లో ఉన్నప్పుడు మా అమ్మ చేసిన తెలివైన పని ఇదే. ఇండియా నుంచి ఫీజులకు పెద్ద మొత్తాలు పంపేటప్పుడు ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటితే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, బ్యాంకు విద్యారుణం అయితే పట్టుకోరు. ఆ లెక్క మీ ఆడిటర్‌తో చూసుకోండి.

డబ్బు తర్వాత నేను చూసే పెద్ద చిక్కు కారు. మీకు తెలియనిది కాదు, ఫ్రిస్కోలో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. బ్యాండ్ ప్రాక్టీసు ఆరింటికి అయిపోతుంది, బాబాయి ఆఫీసు కాల్‌లో ఉంటాడు, పిన్ని చిన్నవాళ్లని ఈతకు తీసుకెళ్తుంది. పార్కింగ్ లాట్‌లో మిగతా పిల్లలంతా వెళ్లిపోయాక కూడా నిలబడి ఉండాల్సి వచ్చినప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుందో తెలుసా? వారం తిరిగేసరికి బ్యాండ్ మానేస్తుంది. అడిగితే "ఇంట్రెస్ట్ పోయింది" అంటుంది. ఇంట్లోవాళ్లు నమ్ముతారు, మీరూ నమ్ముతారు. ఇలా మానేసినవి నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎన్నో చూశాను. మీరు వెళ్లేలోపు అమ్మాయికి డ్రైవింగ్ లైసెన్స్ పని పూర్తిచేయించగలిగితే చేయించండి. స్టేటస్ మారుతున్న సమయంలో లైసెన్సు పత్రాలతో పేచీ వస్తుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. అది కుదరకపోతే ఏ రోజు ఎవరు దింపాలి, ఎవరు తేవాలి అన్నది ఇద్దరు స్నేహితురాళ్ల తల్లులతో మీరే స్వయంగా మాట్లాడి వెళ్లండి. అమ్మాయి అడగదు, రాసిపెట్టుకోండి.

ఇక చిన్నపిల్లలు. అక్క ఇంట్లో ఉంటే తమ్ముళ్లని చూసుకోవడం మనకు సహజం, నేనూ తప్పనను. కాని "అది ఇంట్లోనే ఉంటుందిగా" అన్న మాట వచ్చిందంటే శుక్ర, శనివారాలు పోయినట్టే. ఎన్ని సాయంత్రాలు అన్నది ముందే అనుకోండి. ఈ మాట మీ చెల్లెలితో మీరే అనాలి, పదహారేళ్ల పిల్ల చేత అనిపించకూడదు.

అధికారం ఎవరిదో కూడా తేలాలి. కాగితం మీద తేల్చడం సులువు. టెక్సస్‌లో తల్లిదండ్రులు వేరే పెద్దవాళ్లకు పిల్ల చదువు, వైద్యం విషయాల్లో నిర్ణయాధికారం ఇస్తూ సంతకం చేసి నోటరీ చేయించే ఒప్పందపత్రం ఉంది, కోర్టుకు వెళ్లక్కర్లేదు. అది లేకుండా వెళ్తే స్కూల్లోనో ఆసుపత్రిలోనో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు మీ చెల్లెలికి ఇబ్బంది అవుతుంది. అమ్మాయికి 18 నిండగానే స్కూలు రికార్డుల మీద హక్కు ఆమెదే అవుతుంది, ఆసుపత్రివాళ్లు కూడా తన అనుమతి లేకుండా మీకేమీ చెప్పరు. ఆ పుట్టినరోజుకి తనచేత మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ (తన వైద్యం విషయంలో నిర్ణయాధికారం వేరొకరికి ఇచ్చే పత్రం) మీద సంతకం పెట్టించండి.

కాగితంలో లేనిదే కష్టం. ప్రామ్‌కి (స్కూల్లో జరిగే డాన్స్ పార్టీకి) వెళ్లొచ్చా, స్నేహితురాలి ఇంట్లో రాత్రి పడుకోవచ్చా, ఫోను ఎన్నింటికి పక్కన పెట్టాలి? సొంత కూతురైతే పిన్ని సరే అనే పనికి కూడా అక్క కూతురు కాబట్టి వద్దంటుంది. "రేపేదైనా జరిగితే అక్క నన్నే అంటుంది" అన్న భయం. అమ్మాయి మీకు ఫోన్ చేసి సరే అనిపించుకుంటే చెల్లెలికి చిన్నతనం. మీ ఇద్దరి మధ్యా నలిగేది తనే. మీరూ మీ చెల్లెలూ అమ్మాయీ ముగ్గురూ కూర్చుని, ఏవి పిన్ని చేతిలో, ఏవి మీ చేతిలో అని మాట్లాడుకోండి. బాబాయిని కూడా కూర్చోబెట్టండి. చెల్లెలు పిలిచింది సరే, ఆయన ఏమన్నాడో మీ ప్రశ్నలో లేదు. ఆయన నోటితో సరే అన్నాడా? వదిన ముందు కాదనలేక ఊరుకున్నాడా? ఊరుకున్నాడంటే నేనైతే అక్కడ ఉంచను.

ఇంకొకటి, మన ఇళ్లలో ఎవరూ ఎత్తని మాట. ఏ ఇంట్లోనైనా, ఎవరివల్లనైనా పిల్లకు ఇబ్బంది కలిగితే చెప్పుకోడానికి ఆ ఇంటికి సంబంధం లేని ఒక పెద్దమనిషి ఉండాలి. స్కూల్లో కౌన్సెలర్ కావచ్చు, మీ పాత పక్కింటావిడ కావచ్చు. "ఎవరి గురించైనా సరే, చెబితే నేను నిన్నే నమ్ముతాను, చుట్టరికం చెడుతుందని చూడను" అని వెళ్లేముందు మీ నోటితో చెప్పండి. మీ చెల్లెల్ని అనుమానించమని కాదు. అందరికీ ఇదే చెబుతాను. మనసు బాగా చెదిరిన రాత్రి 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చని, మెసేజ్ కూడా పెట్టొచ్చని తన ఫోన్లో రాసి ఉంచండి.

ఫోన్ల సంగతి. నా రోజుల్లో కాలింగ్ కార్డు వెనక వెండిపూత గోకి, ఆ పొడుగాటి నంబరు నొక్కి, "తిన్నావా?" "తిన్నా." "ఏం కూర?" "పప్పు." "చదువుకుంటున్నావా?" "ఆఁ." ఇంతలో కార్డు అయిపోయేది. ఇప్పుడు వాట్సాప్‌లో ఎంతసేపైనా మాట్లాడొచ్చు, మాటలు మాత్రం అవే నాలుగు. ఎండాకాలం డాలస్‌కీ హైదరాబాద్‌కీ పదిన్నర గంటల తేడా, చలికాలం పదకొండున్నర. అమ్మాయి స్కూలు నుంచి వచ్చే సాయంత్రం నాలుగింటికి మీకు తెల్లవారుజాము రెండున్నర. ఏం జరిగినా కడుపులోంచి మాట తన్నుకొచ్చేది ఆ సమయంలోనే, అప్పుడు మీరు నిద్రలో ఉంటారు. రాత్రి తొమ్మిదింటికి మీకు ఉదయం ఏడున్నర, బాబు స్కూలు హడావిడి. అప్పటికి తనకు చెప్పాలన్న ఊపు పోయి ఉంటుంది. నాలుగింటికి వాయిస్ మెసేజ్ పెట్టమనండి, లేవగానే విని దానికే జవాబివ్వండి. వీడియో కాల్ పెట్టి హాల్లో అందరి ముందు "ఎలా ఉన్నావమ్మా" అంటే బాగున్నా అనే అంటుంది, పక్కన పిన్ని కూర్చుని ఉంటే ఇంకేమంటుంది?

మీరు కూడా తన దగ్గర దాచొద్దు. "చదువు పాడవుతుంది, ఇప్పుడు చెప్పకండి" అనేది మన ఇళ్లలో పెద్ద జబ్బు. మా తాతయ్య పోయిన సంగతి నాకు పరీక్షలు అయ్యాక చెప్పారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఫోన్ మోగితే, అవతల అమ్మ గొంతు మామూలుగా ఉంటే కూడా ఏదో దాస్తోందనే అనిపించేది. నాన్నకి ఇంకా ఉద్యోగం దొరకలేదన్నా, అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదన్నా చెప్పేయండి. మీరు దాస్తే తనూ దాయడం నేర్చుకుంటుంది.

ఇండియాకి తీసుకెళ్తే ఏమవుతుందో కూడా నిజం చెప్పాలి. సీబీఎస్ఈలో నేరుగా పన్నెండో తరగతిలోకి రావడం కష్టం, ఐబీ డిప్లొమా రెండేళ్ల చదువు, ఇంటర్ అయితే మొదటి సంవత్సరం నుంచి. అంటే ఒక ఏడాది వెనక్కి. ఏడాది పోతే కొంపలు మునగవు, కానీ ఆ మాట పదహారేళ్ల పిల్లకి ఎక్కదు. ఇక్కడే ఉండి ఎఫ్-1 మీద కాలేజీలో చేరితే సాధారణంగా బయటివాళ్ల ఫీజే, ఫెడరల్ సాయం రాదు, క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు. నాలుగేళ్ల ఖర్చు లెక్క వేయకుండా పన్నెండోదానికి మాత్రం ఉంచేయకండి. పన్నెండో తరగతి అయ్యాక డబ్బు చాలదని వెనక్కి పిలిచిన ఇళ్లు ఉన్నాయి. ఆ పిల్లలకు మొదటిసారి కంటే రెండోసారే ఎక్కువ దెబ్బ.

నన్నడిగితే, అమ్మాయి తనంతట తాను అడుగుతోంది, ఒక్క ఏడాది మాటే, కాలేజీ ఖర్చు మీకు అందుబాటులో ఉంది, బాబాయి మనస్ఫూర్తిగా సరే అన్నాడు అంటే ఉంచుతాను. వీటిలో ఏ ఒక్కటి తప్పినా తీసుకెళ్తాను.

ఉంచేదైతే ఇక్కడే ఉండి ఎఫ్-1కి మార్పించుకోవాలా, ఇండియా వెళ్లి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ చేయించుకోవాలా అన్నది లాయర్‌తో తేల్చుకోండి. ఇక్కడే మార్పించుకుంటే స్టేటస్ మారుతుంది గాని పాస్‌పోర్టులో వీసా ఉండదు. డిసెంబరు సెలవులకి హైదరాబాద్ వస్తే తిరిగి రావడానికి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే, చదువు మధ్యలో ఆ రిస్కు ఎవరూ తీసుకోరు. మీరు రావాలన్నా విజిటర్ వీసా కావాలి. అంటే ఏడాదంతా ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవచ్చు. నాకైతే రెండో దారే నయమనిపిస్తుంది. మే నెలాఖరుకి మీ గడువూ అయిపోతుంది, స్కూలూ ముగుస్తుంది. అందరూ కలిసే వెళ్లండి, హైదరాబాద్‌లో ఇల్లు తనూ కలిసి సర్దుతుంది, తమ్ముణ్ణి కొత్త స్కూల్లో దింపి వస్తుంది, వీసా వస్తే ఆగస్టుకి వచ్చేస్తుంది. క్లాసులు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందునుంచే దేశంలోకి రానిస్తారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు, ఇన్‌స్టాగ్రామ్ సంగతి ఇప్పుడే మాట్లాడండి. వీసా రాకపోతే ఎక్కడ చేర్చాలో హైదరాబాద్‌లో ఒక స్కూలు చూసి ఉంచుకోండి, అది అమ్మాయికి కూడా ముందే చెప్పండి.

ఇవన్నీ తర్వాత. రేపు పొద్దున్నే మీ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి, పన్నెండో తరగతికి ఎఫ్-1 ఐ-20 ఇస్తారా, ఇస్తే ఎంత కట్టాలి, ఎప్పటిలోగా అప్లై చేయాలి అని అడగండి. ఇవ్వమంటే ప్రైవేటు స్కూళ్లు వెతకడానికి మీకు మిగిలింది కొన్ని వారాలే.